ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు: మా కౌంటర్‌లో మేం వేసే లెక్క

పోయిన నెల ఒక పెద్దాయన మా షాపుకొచ్చి, కొడుకు వాట్సాప్‌లో పంపిన టికెట్ చూపించారు. హైదరాబాద్‌లో ఉదయం 10:20కి బయలుదేరి దుబాయ్‌లో మధ్యాహ్నం 12:35కి దిగుతుందని ఉంది. "బిడ్డా, రెండుంబావు గంటలనే దుబాయ్ పోతదా? నిన్న సూర్యాపేట కెల్లి వస్తేనే బస్సుకు మూడు గంటలు పట్టింది" అన్నారు. నవ్వులాటకు అనలేదు. ఆయనకు షుగర్ ఉంది. ఎన్నింటికి తినాలి, ఎన్నింటికి గోళీ వేసుకోవాలి అన్నది ఆయన బాధ.

నేను కొత్తపేటలో, పాత పండ్ల మార్కెట్‌కు దగ్గర్లో టికెట్ల షాపు నడుపుతున్నాను. మా ఆయన దీన్ని ఎస్టీడీ బూత్‌గా మొదలుపెట్టారు. సెల్‌ఫోన్లొచ్చి బూత్ మూలపడ్డాక అదే గదిలో రైలు టికెట్లు, ఆ తర్వాత విమానం టికెట్లు. బయట తిరిగే పనులు ఆయనవి, కౌంటర్ నాది. ధర తర్వాత జనం అడిగే ప్రశ్నలు రెండే: ఎంత దూరం, ఎంతసేపు. ఈ రెంటికీ నేను కాగితం మీద లెక్క వేసి ఇస్తాను. ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. పదో తరగతి లెక్కలు కూడా అక్కర్లేదు.

ఫోన్‌ను అడిగితే చెప్తుంది కదా అంటారు. చెప్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఎంత అని అడిగితే ఒక చోట 1,260 అని, ఒక చోట 1,580 అని, ఇంకో చోట 1,670 అని వస్తుంది. మూడూ నిజమే. మొదటిది గాలిలో తిన్నగా, రెండోది రోడ్డు మీద, మూడోది రైలు పట్టాల మీద. మీరు దేనికోసం అడుగుతున్నారో ఫోన్‌కు తెలియదు.

తిరుపతి చూడండి, ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. గాలిలో దాదాపు 417 కిలోమీటర్లు. కారులో కర్నూలు, కడప మీదుగా 560 దాకా అవుతుంది. సికింద్రాబాద్ నుంచి వందేభారత్ రైలు గుంటూరు, నెల్లూరు తిరిగి పోతుంది కాబట్టి 660. విమానం లెక్కకు రోడ్డు దూరం తీసుకుంటే మొదటి మెట్టులోనే తప్పుతారు. విమానానికి తిన్నని దూరమే కావాలి.

ఇంకో తికమక కూడా ఉంది. కొన్ని చోట్ల దూరం మైళ్ళలో ఇస్తారు, కొన్ని చోట్ల నాటికల్ మైళ్ళలో. మైలు అంటే 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు అంటే 1.852. హైదరాబాద్–లండన్ సుమారు 7,750 కిలోమీటర్లు. అదే 4,800 మైళ్ళు, అదే 4,190 నాటికల్ మైళ్ళు. అంకె పక్కన ఏముందో చూడకుండా లెక్కలోకి దిగకండి.

దారంతో కొలవడం

తిన్నని దూరం అంటే మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీత కాదు. ఇది నాకు మా అబ్బాయి గ్లోబు నేర్పింది. వాడు ఆరో తరగతిలో ఉన్నప్పుడు కోఠీలో కొన్నాం. వాడు ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగంలో కూడా చేరాడు, గ్లోబు మాత్రం నా కౌంటర్ మీదే ఉంది. పక్కన చీర ఫాల్ కుట్టే దారం రీలు ఒకటి.

ముందు దారాన్ని గ్లోబు నడుముకు, అంటే భూమధ్యరేఖ వెంట ఒక చుట్టు చుట్టి, టేపుతో కొలవండి. నా గ్లోబుకు 94 సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్ల పైచిలుకు. 40,000ను 94తో భాగిస్తే 425. అంటే నా గ్లోబు మీద ఒక సెంటీమీటరు 425 కిలోమీటర్లు. ఈ అంకెను స్కెచ్ పెన్నుతో గ్లోబు కాలి మీద రాసి పెట్టుకున్నాను. మీ గ్లోబు చిన్నదైతే మీ అంకె వేరుగా వస్తుంది. చుట్టు కొలిచి ఒక్కసారి భాగహారం చేస్తే చాలు.

ఇప్పుడు దారం ఒక కొసను హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొసను లండన్ దాకా లాగండి. గట్టిగా లాగాలి. వదులుగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది. గట్టిగా లాగిన దారం తనంతట తానే అన్నిటికన్నా దగ్గరి దారిలోకి జారుతుంది. లండన్‌కు 18 సెంటీమీటర్ల మీద కాస్త వస్తుంది. 18.2ను 425తో హెచ్చిస్తే 7,735. కంప్యూటర్ చెప్పే 7,750తో ఇరవై కిలోమీటర్లు కూడా తేడా లేదు. ఫాల్ దారానికి అంతకన్నా ఏం కావాలి?

డాలస్‌కు లాగినప్పుడు అసలు విచిత్రం కనిపిస్తుంది. మా దగ్గరికి వచ్చే అమ్మానాన్నల్లో సగం మంది పిల్లలు అటువైపే ఉన్నారు కాబట్టి ఇది నేను రోజూ చేసే పని. గోడ మీది మ్యాప్‌లో డాలస్ మనకు పడమట, అట్లాంటిక్ అవతల ఉంటుంది. గ్లోబు మీద దారం బిగించి చూడండి. అది పడమటికి పోనే పోదు. హైదరాబాద్ నుంచి తిన్నగా ఉత్తరానికి ఎక్కి, హిమాలయాలు దాటి, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి ఐదువందల కిలోమీటర్ల పక్క నుంచి దిగి, కెనడా మీదుగా టెక్సాస్ చేరుతుంది. కారణం మామూలే. మనం 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాం, డాలస్ 97 డిగ్రీల పడమట. రెండూ కూడితే 175. అంటే అది దాదాపు మనకు సరిగ్గా వెనకవైపు. గుండ్రటి లడ్డూకు వెనకవైపున్న జీడిపప్పు దగ్గరికి చీమ పోవాలంటే నడుము చుట్టూ ఎందుకు తిరుగుతుంది, నెత్తి మీదుగా పోతుంది. దారం పొడవు 34 సెంటీమీటర్లు, అంటే సుమారు 14,400 కిలోమీటర్లు.

ఒక పెద్దమ్మ ఈ దారం చూసి, "గంత మంచు మీదికెల్లి పోతదా, నాకు రెండు స్వెట్టర్లు కావాలె" అంది. విమానం లోపల చలి వేరే సంగతి. స్వెట్టర్ మాత్రం నిజంగానే పట్టుకెళ్ళమన్నాను.

గ్లోబు లేకపోతే ఫోన్ ఉంది. గూగుల్ మ్యాప్‌లో హైదరాబాద్ మీద వేలు ఆనించి పట్టుకుంటే ఎర్ర గుర్తు పడుతుంది. కింద వచ్చే పేరు మీద నొక్కి కిందికి జరిపితే 'మెజర్ డిస్టెన్స్' అని ఉంటుంది. దాన్ని నొక్కి మ్యాప్‌ను రెండో ఊరి దాకా జరిపితే తిన్నని దూరం చూపిస్తుంది. ఊరి మధ్య నుంచి కాకుండా విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలవండి. దగ్గరి ఊళ్ళకు ఆ కొద్ది తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

కరెంటు పోయి, నెట్ పోయి, చేతిలో అక్షాంశ రేఖాంశాలు మాత్రమే ఉంటే ఇంకో దారి. దేశంలోపలి ఊళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. శంషాబాద్ 17.23 ఉత్తరం, 78.43 తూర్పు. ముంబై విమానాశ్రయం 19.09 ఉత్తరం, 72.87 తూర్పు. అక్షాంశాల తేడా 1.86. డిగ్రీకి 111 కిలోమీటర్లు కాబట్టి 206. రేఖాంశాల తేడా 5.56. రేఖాంశాలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరికొస్తాయి. మన అక్షాంశం దగ్గర డిగ్రీకి 111 రాదు, 105 లేదా 106 వస్తుంది. అక్కడ 587. ఇక ఒకటి నిలువు, ఒకటి అడ్డం, మనకు కావాల్సింది ఏటవాలు గీత. 206ను 206తో, 587ను 587తో హెచ్చించి, కూడి, వర్గమూలం తీస్తే 622. ముంబైకి గాలి దూరం అదే.

దూరం నుంచి గంటల్లోకి

కిలోమీటర్లను 800తో భాగించండి. వచ్చిన దానికి 35 నిమిషాలు కలపండి. నా లెక్క మొత్తం ఇంతే. ఢిల్లీకి 1,260ను 800తో భాగిస్తే గంటా ముప్పై ఐదు. 35 కలిపితే రెండు గంటల పది నిమిషాలు. టికెట్ మీద మీకు కనిపించేది కూడా దాదాపు అదే. ముంబైకి 47 నిమిషాలు, 35 కలిపితే గంటా ఇరవై రెండు. విశాఖకు తిన్నగా 511 కిలోమీటర్లు, గంటా పదమూడు. దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, మూడు గంటల నలభై ఆరు.

800 ఎందుకంటే, మామూలు జెట్ విమానం పైకెక్కాక గంటకు 830 నుంచి 900 దాకా పోతుంది గానీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు. 35 నిమిషాలు ఎందుకంటే, టికెట్ మీద రాసే వేళ చక్రాలు గాలిలోకి లేచే వేళ కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగేదాకా అన్నమాట. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వరుసలో నిలబడడం, దిగాక మళ్ళీ గేటు దాకా రావడం అన్నీ అందులో ఉంటాయి. కంపెనీలు ఇంకో పది నిమిషాలు చేతిలో ఉంచుకునే రాస్తాయి. అందుకే ఆలస్యంగా బయలుదేరిన విమానం కూడా ఒక్కోసారి టైమ్‌కే దిగుతుంది. ముంబైలో ఆ పది నిమిషాలు కూడా చాలవు. అక్కడి రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, ఒకేసారి రెండూ వాడడానికి వీలుండదు. చక్కర్లు కొట్టించడం అక్కడ మామూలే. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు గురించి నేను చెప్పేదేముంది. ఆ నెలల్లో తెల్లవారుజామున దిగే విమానం ఎవరికీ బుక్ చేయను, గొడవపడి మరీ మధ్యాహ్నంది ఇస్తాను.

ఈ సూత్రం రెండు చోట్ల దెబ్బతింటుంది. ఒకటి, పంకాలున్న ఏటీఆర్ విమానం. అది గంటకు 500 చుట్టుపక్కలే పోతుంది. విజయవాడకు తిన్నని దూరం 264 కిలోమీటర్లే అయినా, ఏటీఆర్ అయితే గంట సేపు పడుతుంది. ఏ విమానమో టికెట్ బుక్ చేసేటప్పుడే ఉంటుంది, చూసుకోండి. ఏటీఆర్ అయితే 450తో భాగించి 25 నిమిషాలు కలపండి. రెండు, బాగా దూరపు ప్రయాణాలు. ఐదువేల కిలోమీటర్లు దాటితే 850తో భాగించి 40 కలపండి. ఎక్కడం దిగడం మొత్తంలో చిన్న ముక్క అయిపోతుంది కాబట్టి సగటు వేగం పెరుగుతుంది.

ఇక గాలి. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఎందుకని అడుగుతారు. భూమి తిరుగుతోంది కాబట్టి అని కొందరు పిల్లలకు చెప్తుంటే విన్నాను. అది కాదు. భూమితోపాటు దాని మీది గాలి కూడా తిరుగుతూనే ఉంటుంది. అసలు సంగతి, పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పెద్ద గాలివాగు పారుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఉత్తర భారతం మీద మరీ జోరుగా ఉంటుంది. పడమటికి పోయే విమానం దానికి ఎదురీదాలి, తూర్పుకు వచ్చేది దాని మీద తేలివస్తుంది. అందుకే దుబాయ్‌కి పోయేటప్పుడు మూడుంముప్పావు అయితే వచ్చేటప్పుడు మూడున్నరకే దిగుతారు. లండన్‌కైతే పోను పది గంటలు వేసుకుని, రాను గంట దాకా తగ్గించుకోండి.

ఈ గాలి కోసం దారినే మార్చిన సందర్భం ఉంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోయే ఎయిరిండియా విమానం 2016 అక్టోబరులో అట్లాంటిక్ దారి వదిలి పసిఫిక్ సముద్రం మీదుగా వెళ్ళింది. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది. దారం కొలత ఒక్కటే చూసుకుంటే ఇది అంతుపట్టదు.

దారిలో ఆకాశం మూసేసినా గంటలు పెరుగుతాయి. 2019లో బాలాకోట్ మీద మన వైమానిక దాడి తర్వాత పాకిస్తాన్ తన గగనతలాన్ని జులై దాకా మూసింది. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు మళ్ళీ మూసింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా పోయే మన విమానాలకు అది పెద్ద దెబ్బ. హైదరాబాద్ నుంచి దుబాయ్ పోయేది ముంబై వైపు దాటి అరేబియా సముద్రం మీదుగా పోతుంది కాబట్టి దానికి అంత తేడా ఉండదు. కాబట్టి ఢిల్లీ మీదుగా టికెట్ తీసుకునేవాళ్ళు సూత్రాన్ని నమ్ముకోకుండా, విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్ యాప్‌లో ఆ విమానం నంబరు కొట్టి, గత కొద్ది రోజులుగా అది నిజంగా ఎంతసేపు గాలిలో ఉందో చూసుకోండి. నేను కూడా పెద్దవాళ్ళ టికెట్లకు అదే చేస్తాను.

గడియారాల తిరకాసు

పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. టికెట్ మీద బయలుదేరే వేళ మన ఊరి గడియారం, దిగే వేళ ఆ ఊరి గడియారం. రెంటినీ అట్లాగే తీసివేస్తే తప్పు లెక్క వస్తుంది. దిగే వేళను ముందు మన గడియారంలోకి మార్చాలి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. అక్కడి 12:35 అంటే మనకు 2:05. అందులోంచి 10:20 తీసేస్తే మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. తిరుగు టికెట్‌లో దీనికి తలకిందులుగా ఉంటుంది. దుబాయ్‌లో రాత్రి 10కి ఎక్కి హైదరాబాద్‌లో తెల్లవారి 3కి దిగుతారు. చూస్తే ఐదు గంటలు, నిజానికి మూడున్నర.

నా కౌంటర్ అద్దం కింద ఒక కాగితం ఉంటుంది. దోహాకు రెండున్నర గంటలు కలపాలి. సింగపూర్ మనకన్నా రెండున్నర ముందు కాబట్టి తీసేయాలి. లండన్‌కు చలికాలంలో ఐదున్నర, ఎండాకాలంలో నాలుగున్నర కలపాలి. న్యూయార్క్‌కు చలికాలంలో పదిన్నర, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. డాలస్‌కు చలికాలంలో పదకొండున్నర, ఎండాకాలంలో పదిన్నర. మనకు గడియారం మార్చే అలవాటు లేదు గానీ వాళ్ళకు ఉంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. ఇంగ్లండ్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. మార్చిలో బుక్ చేసే వాళ్ళు ఈ మధ్యవారాల్లో బాగా తికమక పడతారు.

తేదీ గురించి మాత్రం నేను నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. 2013లో ఒక కుటుంబానికి మస్కట్ టికెట్ ఇచ్చాను. 14వ తేదీ 1:25కి విమానం. అంటే అర్ధరాత్రి దాటాక 1:25. నేను కాగితం మీద '14 రాత్రి' అని రాసిచ్చాను. వాళ్ళు 14వ తేదీ రాత్రి భోంచేసి, చుట్టాలందరి దగ్గరా సెలవు తీసుకుని, జీపు మాట్లాడుకుని శంషాబాద్ పోయారు. విమానం అంతకుముందు రాత్రే వెళ్ళిపోయింది. తప్పు టికెట్‌ది కాదు, నాది. కొత్త టికెట్ల డబ్బులో సగం మేం కట్టుకున్నాం. ఆ రోజు నుంచి తేదీ రాసే పద్ధతి మార్చేశాను. '13వ తేదీ శనివారం రాత్రి అన్నం తిని 9 గంటలకు ఇల్లు కదలాలి' అని రాస్తాను. విమానం వేళ దాని కింద చిన్నగా. గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రిపూటే కాబట్టి, 12 నుంచి 4 మధ్య వేళ ఏది కనబడినా ముందు రోజు పేరు రాసుకోండి.

ఇంటి గుమ్మం నుంచి

విమానం గాలిలో ఎంతసేపుందన్నది ఒక లెక్క. మీరు ఇంట్లోంచి బయలుదేరి అక్కడి ఇంట్లో చెప్పులు విడిచే దాకా ఎంతన్నది ఇంకో లెక్క. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు ఈ రెండో లెక్క ఊరందరికీ పెరిగింది.

మొన్న ఎల్బీనగర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, సాఫ్ట్‌వేర్. విజయవాడకు విమానం కావాలన్నాడు. "గంటే కదా ఆంటీ" అన్నాడు. కాగితం తీశాను. ఉదయం 6కి ఇల్లు కదిలితే చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్‌కు 7. దేశం లోపలి విమానాలకు సాధారణంగా గంట ముందే సామాను కౌంటర్ మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. కాబట్టి విమానం 8:30ది. గన్నవరంలో 9:30కి దిగి, సామాను తీసుకుని బయటపడేసరికి 9:45. అక్కడి నుంచి ఊళ్ళోకి 20 కిలోమీటర్లు, బెంజి సర్కిల్ చేరేసరికి 10:20. అదే 6కి కారెక్కితే 65వ నంబరు హైవే మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటుకుని, కోదాడలో ఇడ్లీ తిని, పదిన్నరకు అదే బెంజి సర్కిల్. పది నిమిషాల కోసం అంత డబ్బా? నాకు కమీషన్ పోయింది, ఏం చేస్తాం. కుర్రాడు మర్నాడు స్నేహితుల్ని తెచ్చి గోవా టికెట్లు నాలుగు చేయించుకున్నాడు.

అదే మనిషి కూకట్‌పల్లిలో ఉంటే నేను విమానమే ఎక్కమంటాను. అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ గంటలోపు. విజయవాడ రోడ్డు పట్టుకోవాలంటే పెద్ద అంబర్‌పేట దాకా ఊరు చుట్టూ తిరగడానికే గంట పైన అవుతుంది. ఊరు ఒకటే అయినా ఏ మూల ఉంటామన్నదాన్ని బట్టి లెక్క తిరగబడుతుంది. విశాఖకైతే ఏ మూల ఉన్నా తర్కం అక్కర్లేదు. వందేభారత్ ఎనిమిదిన్నర గంటలు, విమానం అన్నీ కలిపి నాలుగున్నర.

మారేచోట్లు ఉంటే

డాలస్ లాంటి వాటికి ఒక్క విమానంలో పోవడం కుదరదు కాబట్టి ముక్కలుగా కూడుకోవాలి. ఒక లెక్క చూపిస్తాను, వేళలు చలికాలపువి, ఉదాహరణకు రాసినవి. 10వ తేదీ రాత్రి 9:50కి హైదరాబాద్‌లో బయలుదేరి, దుబాయ్‌లో అక్కడి టైమ్ 11వ తేదీ 12:05కి, అంటే అర్ధరాత్రి దాటి ఐదు నిమిషాలకు దిగుతారు. మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. తర్వాతి విమానం 2:30కి, మధ్యలో రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. దుబాయ్ నుంచి డాలస్ దాదాపు 12,900 కిలోమీటర్లు. 850తో భాగించి 40 నిమిషాలు కలిపితే పదిహేను గంటల యాభై, ఎదురుగాలికి ఇంకో పాతిక నిమిషాలు వేసుకుంటే పదహారుంబావు. డాలస్‌లో 11వ తేదీ ఉదయం 8:45కి దిగుతారు. మన గడియారంలో అప్పుడు 11 రాత్రి 8:15. మొత్తం ఇరవై రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. మూడు ముక్కలూ కూడి చూడండి, అంతే రావాలి. రాకపోతే ఎక్కడో గడియారం తప్పు మార్చారు.

దూరం కూడా కూడి చూస్తే 2,550కి 12,900, మొత్తం 15,450. దారం చెప్పిన తిన్నని దారి 14,400. మధ్యలో ఆగినందుకు మీరు నడిచిన అదనం వెయ్యి కిలోమీటర్లే. అదే డాలస్‌కు సింగపూర్ వైపు నుంచి చౌకగా దొరికిందని పోతే దారం చేసే గోల చూడాలి, ఒక చుట్టు వేసి వస్తుంది.

మారేచోట ఎంత వ్యవధి ఉండాలన్నది నా సొంత కొలత. ఒకే టికెట్ అయితే రెండు గంటలు, వీల్‌చైర్ పెద్దవాళ్ళైతే మూడు. వేర్వేరు టికెట్లు అయితే ఐదుకు తక్కువ ఇవ్వను. మొదటిది ఆలస్యమైతే రెండో కంపెనీకి మీరెవరో కూడా తెలియదు.

సూర్యాపేట పెద్దాయనకు ఇదంతా చెప్పలేదు. కాగితం మీద ఆరు వరుసలు రాసిచ్చాను. పొద్దున 5:45కి టిఫిన్. 6:15కి ఇల్లు కదలాలి. 7:15కి శంషాబాద్. 10:20కి విమానం. హైదరాబాద్ టైమ్ ఒంటిగంటకు విమానంలోనే అన్నం, గోళీ సంగతి డాక్టర్‌ను ఒకమాట అడగాలి. దిగాక వాచీ గంటన్నర వెనక్కి.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చేతి వాచీ వైపు చూసుకున్నారు. "గీ ఆఖరిది కొట్టెయ్యి బిడ్డా. ఉండేది పది రోజులే. నా వాచీ ఇట్లనే ఉండనియ్యి, నా గోళీలకు గిదే టైం మంచిగుంటది" అన్నారు. కొట్టేశాను.